రస్టికేట్ అంటే పల్లెకు పంపడం

ఆత్మకూరు,
8 జులై 2024.

అత్తా,

చెల్లి జెస్సికాని ఉదయగిరి బస్సు ఎక్కించాను. ఈ ఉత్తరం నీ చేతికొచ్చేసరికి అది నీ దగ్గరే ఉంటుంది. ఎందుకొచ్చావని అడగొద్దు. చెప్పదు. నీకు చెప్పాలంటే చెవి దగ్గర అరవాలి, ఇది వీధికి వినపడేలా అరిచి చెప్పే సంగతి కాదు. ఫోన్లో నీకు వినపడదు, అదేమో తన సిమ్ము తీసి బస్టాండు కాలవలో పారేసింది. అందుకే కాగితం పట్టుకున్నాను.

నెల్లూరులో దాని కాలేజీ హాస్టల్లో ఒక చిన్న పిల్లకి, రెండో సంవత్సరం పిల్లకి, జ్వరం ముదిరి ముక్కులోంచి రక్తం వచ్చింది. వార్డెను మాత్ర ఇచ్చి పడుకోమంది. మన జెస్సికా నాడి చూసి, ఇది మాత్రతో పోయేది కాదని నూట ఎనిమిదికి ఫోన్ చేసింది. బండి వచ్చింది. వాచ్‌మన్ గేటు తీయలేదు. రోడ్డు మీద జనం మూగి వీడియోలు తీశారు. చివరికి గేటు తీశారు, ఆ పిల్ల బతికింది. అయిపోయింది కదా? కాలేదు. విచారణ పెట్టారు. అనుమతి లేకుండా బయటి బండిని పిలిచిందట, కాలేజీ పరువు తీసిందట. నర్సు చదువు చదివే పిల్ల జబ్బు మనిషిని ఆసుపత్రికి పంపించింది. అదీ నేరం.

శిక్ష ఒక ఏడాది రస్టికేషన్. మూడేళ్ళ చదువు అయింది, నాలుగో ఏడు మిగిలింది. సెప్టెంబరు నెలాఖరులోపు సంరక్షకుడు కాలేజీకి వచ్చి క్షమాపణ కాగితం మీద సంతకం పెట్టాలి. ఈ ఏడాదంతా పిల్ల మీద ఏ ఫిర్యాదూ రాకూడదు. అప్పుడు వచ్చే ఏడు క్లాసులో కూర్చోనిస్తారు. లేకపోతే పేరు కొట్టేస్తారు. నాయన పోయాక వాళ్ళ దగ్గర సంరక్షకుడిగా ఉన్నది నా పేరు.

ఆ రస్టికేషన్ అనే మాట ఏమిటో మధ్యాహ్నం రాళ్ళ షెడ్డు కింద కూర్చుని ఫోన్లో వెతికాను. నాకు బళ్ళో ఎవరూ చెప్పని ఇంగ్లీషంతా ఇట్లాగే వచ్చింది, సమాధి రాళ్ళ మీద ఎవరెవరి మాటలో చెక్కుతూ, తెలియనిది వెతుక్కుంటూ. రస్టికేట్ లాటిన్ నుంచి వచ్చిందట. రూస్ అంటే పొలం, పల్లె. రుస్తికుస్ అంటే పల్లెటూరివాడు. రుస్తికారి అంటే పల్లెలో ఉండటం. ఇంగ్లండులో పెద్ద పెద్ద కాలేజీల వాళ్ళు మూడొందల ఏళ్ళ కిందట చెప్పినమాట వినని కుర్రాళ్ళని కొన్నాళ్ళు ఊళ్ళకి తోలేవాళ్ళట. దానికి ఈ మాట వాడారు.

అర్థమైందా అత్తా? వాళ్ళ భాషలో శిక్ష పేరు మన ఊరు. నువ్వు పుట్టి పెరిగి పిల్లలకి అక్షరాలు దిద్దించిన చోటుంది చూడు, అది వాళ్ళకి జైలు. అక్కడ ఒక ఏడాది ఉంటే బుద్ధి వస్తుందట!

నేను సంతకం పెట్టను. ఏం తప్పు చేసిందని పెట్టాలి?

దానికి అన్నం పెట్టు. వద్దంటుంది, అయినా పెట్టు.

సీమోను

---

ఉదయగిరి దగ్గర మన పల్లె,
17 జులై 2024.

దేవుడు చల్లగా చూడాల్సిన మా సీమోనుకి, మీ అత్త లిదియమ్మ దీవించి రాసేది,

నీ కోపం కవరు విప్పకముందే చేతికి తగిలింది. పెన్ను అంత గట్టిగా నొక్కితే కాగితం అవతలికి దిగుతుందిరా. రాయి అనుకున్నావా?

పిల్ల క్షేమం. తినడం లేదు. పొద్దున లేచి మేకల్ని విప్పి గుట్టవైపు తోలుకెళ్తుంది, ఎండెక్కాక వస్తుంది, గోడవైపు తిరిగి పడుకుంటుంది. మనతో మాట్లాడదు, మేకలతో మాట్లాడుతుందేమో, నాకెట్లా వినపడుతుంది?

నువ్వు రాసిన మాట నేనూ చూశాను. మిషన్ బడి మూసేసేటప్పుడు నాకిచ్చిన లావు డిక్షనరీ ఉంది కదా, చెదలు సగం తిన్నది. అదృష్టం, ఆ అక్షరం మిగిలింది. నువ్వు చెడ్డ అర్థం ఒక్కటే పట్టుకున్నావు. మొదటి అర్థం అది కాదు. రోము పట్నంలో దొరలు ఎండాకాలం వస్తే రొద భరించలేక పల్లెల్లో ఉన్న తోటలకి వెళ్ళేవాళ్ళట, ఆ వెళ్ళడాన్నే అట్లా అనేవాళ్ళు. శిక్ష తర్వాత వచ్చి చేరింది. రూస్ అనే మాటకి ఇంకా వెనక్కి పోతే ఖాళీ జాగా, ఆరుబయలు అనే అర్థం ఉందని పండితులు అంటారట. ఇంగ్లీషులో రూమ్ అనే మాట కూడా దానికి చుట్టమేనట. చూశావా, ఎంత మెత్తటి మాటో. పిల్ల ఒక ఏడాది ఆరుబయట ఉంటుంది. అంతే అనుకో.

ఇంకో సంగతి. ఆదివారం గుళ్ళో సాక్ష్యాల వేళ అందరూ నావైపే చూస్తున్నారు. పిల్ల బ్యాగుతో దిగింది అందరూ చూసినారు కదా. వెనక బెంచీలో నుంచి ఎవరో అన్నది పాల్ పాస్టరుగారి భార్య నా చెవిలో చెప్పింది: "లిదియమ్మ మేనకోడలు ఏదో చేసుకోని వచ్చినట్టుండాది." ఆడపిల్లని కాలేజీ వాళ్ళు పంపించేసినారంటే ఈ ఊళ్ళో దానికి ఒకటే అర్థమని నీకూ తెలుసు. నేను లేచి నిలబడ్డాను. "మా పిల్లని కాలేజీ వాళ్ళు పల్లె సేవకి పంపినారు, దేవునికి స్తోత్రం" అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. నర్సింగు పిల్లలకి పల్లె పోస్టింగు ఉంటుంది కదా, కిందటేడు వచ్చి బీపీలు చూసిపోయినారు కదా, ఎవరికీ అనుమానం రాలేదు.

నేను అబద్ధమాడానంటావా? పంపింది కాలేజీనే, పంపింది పల్లెకే. నాకంత తప్పనిపించడం లేదు.

సంతకం పెట్టిరా నాయనా. కోపం నీది, చదువు దానిది.

ఇక్కడ వాన జాడ లేదు. నీ చెప్పులు తెగినవని పిల్ల చెప్పింది, కొనుక్కో.

మీ అత్త

---

ఆత్మకూరు,
25 జులై 2024.

అత్తా,

గుళ్ళో నిలబడి ఎందుకు చెప్పావు అట్లా? వచ్చే ఆదివారం మళ్ళీ నిలబడి సరిదిద్దు. పిల్ల ఒక ప్రాణం కాపాడిందని, అందుకు వెళ్ళగొట్టారని ఉన్నదున్నట్టు చెప్పు. సిగ్గుపడాల్సింది మనమా? నీ అబద్ధం వాళ్ళ పరువు కాపాడుతోంది, తెలుసా? నువ్వు స్తోత్రం చెప్పింది దేవుడికి కాదు, ఆ కాలేజీకి.

రోము దొరల కథ చెప్పావు. బాగుంది. వాళ్ళు ఎండకి తాళలేక పల్లెకి పోతే అక్కడ వాళ్ళ తోటల్లో నీళ్ళు తోడింది ఎవరు? రుస్తికుస్ గాళ్ళు. నువ్వూ నేనూ. మనం పల్లెకి వెళ్ళం అత్తా, మనం పల్లెలో ఉంటాం. పోవడం వేడుక, ఉండటం శిక్ష. పట్నానికి ఉర్బ్స్ అని వేరే మాట ఉంది, దానిలోంచి మర్యాద, నాగరికం అనే మాటలు పుట్టాయి. మన రూస్ లోంచి మోటువాడు పుట్టాడు.

రాయి పనిలో కూడా ఈ మాట ఉందని తెలిసింది. అంచులు మాత్రం సాపు చేసి, ముఖం గరుకుగా చెక్కకుండా వదిలేసిన రాయిని రస్టికేటెడ్ అంటారట. పట్నంలో గొప్పోళ్ళ ప్రహరీలకి అదే కావాలంటారు. మా యజమాని నారాయణయ్యకి చెబితే నవ్వాడు. "మన భాషలో దాన్ని పని ఎగ్గొట్టడం అంటార్రా" అన్నాడు. గోడకైతే గరుకుతనం అందం. మనిషికైతే వెలి.

సంతకం సంగతి మళ్ళీ ఎత్తొద్దు. పైవారం నెల్లూరు వెళ్తున్నాను. కాలేజీ ముందు నుంచే పోవాలి.

సీమోను

---

మన పల్లె,
12 ఆగస్టు 2024.

నా బంగారు సీమోనుకి,

నెల్లూరు వెళ్తున్నావని చదివి అక్కడికక్కడే మోకరించాను. పైకి సంతకం వద్దంటూనే లోపల ఒప్పుకున్నావు. మీ నాయనా అంతే, కాదు కాదంటూనే చేసేవాడు. జెస్సికాకి చెప్పాను, మీ అన్న సంతకం పెట్టాడే అని. ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

నువ్వు చెప్పినట్టు సరిదిద్దుదామనే ఆ ఆదివారం గుడికి వెళ్ళాను. నేను లేచేలోపలే పాస్టరుగారు లేచి, ఇకనుంచి ఆరాధన అయ్యాక మన జెస్సికా బీపీ చూస్తుంది, పుండ్లకి కట్లు కడుతుంది, కులం మతం లేదు, అందరూ రావచ్చు అని ప్రకటన చేశాడు, ఆయన భార్య నా చెవిలో చెప్పింది. పిల్ల ముఖం నేను చూశానురా. ఒక్క క్షణం భయపడింది. తర్వాత పక్కన ముసలామె చెయ్యి చాపితే పట్టుకుని నాడి చూసింది. అంతే. ఆ చెయ్యి వదిలిపెట్టమని నేనెట్లా చెప్పేది?

గొర్రెల సిద్ధయ్య నీకు గుర్తే కదా. షుగరు ముదిరి కాలి వేలు నల్లబడితే, గుడ్డ చుట్టుకుని తిరుగుతున్నాడు. జెస్సికా గుడ్డ విప్పి కడిగి, రోజూ కట్టు మారుస్తోంది. ఉదయగిరి ఆసుపత్రిలో చూపించుకుంటేనే కట్టు కడతానని బెదిరించి పంపింది. అక్కడి డాక్టరు "కట్టు ఎవరు కట్టినారు? బాగా కట్టినారే" అన్నాడట. సిద్ధయ్య ఆ మాట కొండాపురం సంత దాకా మోసినాడు. "మా ఊరికి గవర్నమెంటు నర్సు పడినాది" అంటున్నాడంట. ఎంత చెప్పినా గవర్నమెంటే అంటాడు, గొర్రెలకీ బిళ్ళలుంటే ఇమ్మంటాడు. పిల్ల పడీ పడీ నవ్వింది. నాకు వినపడలేదు కానీ పళ్ళు కనపడ్డాయి. ఇక్కడికి వచ్చినాక అదే మొదటిసారి.

నీ మాట తప్పని కాదు. కానీ నిజం చెబితే ఈ నవ్వు పోతుంది. సంతకం అయిపోయింది కదా, ఏడాది గడిచిపోతుంది, పిల్ల వెళ్ళిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు.

సంతోషంతో,
మీ అత్త

---

ఆత్మకూరు,
21 ఆగస్టు 2024.

అత్తా,

నేను సంతకం పెట్టలేదు.

నెల్లూరు వెళ్ళింది ఒకాయన భార్య సమాధి మీద రాయి దించడానికి. కాలేజీ గేటు దగ్గర లారీ ఆపించాను, అది నిజం. దిగాను. అదే గేటు, అదే వాచ్‌మన్. "ఏం గావాల?" అన్నాడు. ఈ చేత్తోనే కదా నువ్వు అంబులెన్సుకి గేటు తీయనిది అని అడగబోయాను. వాడి చొక్కా చంకల్లో చిరిగి ఉంది. వాడిని అడిగి ఏం లాభం? "ఏం లేదు" అని మళ్ళీ లారీ ఎక్కాను.

నేను రాయనిది నువ్వు చదివి, అది జెస్సికాకి చెప్పావు. ఇప్పుడు నేను పెట్టలేదని ఎవరు చెప్పాలి దానికి? నువ్వే చెప్పు. నువ్వు చెప్పిన అబద్ధాలకి నేను బాధ్యుణ్ణి కాను.

సిద్ధయ్య వేలు సంగతి చదివి నాకూ నవ్వొచ్చింది, ఒప్పుకుంటాను. నిన్న కలిగిరి వైపు నుంచి పొగాకు బ్యారన్లకి కట్టెలు మోసే లారీ తోలే కొండలయ్య మా షెడ్డు దగ్గర టీ తాగుతూ, "మీ ఊళ్ళో నర్సమ్మ ఉండాదంట గదా, మా ఆడోళ్ళు పోదామంటా ఉండారు" అన్నాడు. ఆ నర్సమ్మ నా చెల్లెలని చెప్పలేదు. అతని టీ డబ్బులు నేనే ఇచ్చేశాను. గర్వమో భయమో నాకే తెలియలేదు.

ఒక్క మాట మాత్రం దానికి చెప్పు. సూది ముట్టుకోవద్దు. మందు రాయొద్దు. కట్టు, బీపీ, అంతవరకే. ఏడాదంతా ఫిర్యాదు రాకూడదని ఆర్డరులో ఉంది, అది మరిచిపోయారు మీరిద్దరూ.

సంతకం ఎందుకు పెట్టనో కూడా చెప్పు. నేను సంతకం పెడితే ఇంకో పిల్లకి జ్వరం వచ్చినప్పుడు ఇంకెవరూ ఫోన్ చేయరు. క్షమించండి, మేం ఇక ఎవరినీ కాపాడం అని రాసిచ్చినట్టే అది. దాని చేత్తో నాకు ఒక ముక్క రాయమను. అది ఏమంటుందో వినాలి.

సీమోను

---

మన పల్లె,
9 సెప్టెంబరు 2024.

సీమోనూ,

నీ ఉత్తరం పదిరోజులు బియ్యం డబ్బాలో దాచిపెట్టాను, పిల్లకి చెప్పలేక. చివరికి చదవమని దాని చేతికే ఇచ్చాను. చదివి మడిచింది. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఇదే కాగితం మీద తానూ రాస్తానంది. కింద ఉంది చూడు.

"అన్నా, సంతకం పెట్టు. నాది తప్పు కాదని నాకు తెలుసు, నీకు తెలుసు. ఆ కాగితం మీద తప్పని రాసినా అది తప్పయిపోదు. వాళ్ళు ఎట్లాంటోళ్ళో వాళ్ళకి చెప్పాలని నువ్వు చూస్తా ఉండావు. నాకు వాళ్ళతో పని లేదు. నాకు పరీక్ష కావాలి. ఇక్కడ జనం చేతులు చాపితే బీపీ చూసి ఊరుకోవడం నావల్ల కావడం లేదు. మొన్న ఒకామె ఆయాసంతో వచ్చింది. ఏం చెయ్యాలో నాకు తెలుసు, చేసే హక్కు లేదు, వాకిట్లో నిలబడి ఆటో కోసం ఎదురుచూసినా. పెట్టన్నా. నీ కాళ్ళు పట్టుకుంటా. జెస్సికా."

చూశావా? నాతో ఇన్ని మాటలు ఎప్పుడూ అనలేదు.

నెలాఖరు దగ్గర పడింది. ఇక నీ ఇష్టం.

మరో సంగతి, ఇది మాత్రం మంచిది. విలేకరి దస్తగిరి వచ్చాడు, మన ఉదయగిరి పిల్లాడే, చెక్క గరిటెలు చేసేవాళ్ళ ఇంటి కుర్రాడు, చాలా మర్యాదస్తుడు. సిద్ధయ్య కాలుకి కట్టు కడుతుంటే పిల్లని ఫోటో తీసుకున్నాడు. పిల్ల వద్దు వద్దని చేతులూపింది. "మంచి పని చేస్తా ఉంటే పదిమందికి తెలియాల గదమ్మా" అన్నాడట. పాస్టరుగారు అన్ని వివరాలూ చెప్పాడు. పేపర్లో వస్తే కాలేజీ వాళ్ళు కూడా చూసి మెత్తబడతారేమోనని నాకు ఒక ఆశ.

మీ అత్త

---

ఆత్మకూరు,
19 సెప్టెంబరు 2024.

అత్తా,

నీ ఉత్తరం పదహారున అందింది. పదిహేడు పొద్దున మొదటి బస్సుకే నెల్లూరు వెళ్ళాను. జెస్సికా రాసిన ముక్క చొక్కా జేబులో పెట్టుకున్నాను. దస్తగిరి సంగతి చదివి భయపడ్డాను, అయినా ఇంకా అచ్చయి ఉండదులే అనుకున్నాను.

బయట బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. తర్వాత పిలిచారు. మంచి చొక్కా వేసుకున్నాను, గోళ్ళలో రాతిపొడి కడుక్కుని వెళ్ళాను. ప్రిన్సిపాల్ మేడమ్ ఎదురుగా బల్ల మీద పేపరు మడిచి పెట్టి ఉంది. ఫోటోలో సిద్ధయ్య నోరంతా తెరిచి నవ్వుతున్నాడు, జెస్సికా తల వంచుకుని ఉంది. పైన పెద్ద అక్షరాలతో ‘పల్లె బాట పట్టిన నర్సింగ్ విద్యార్థిని’ అని. కింద, కాలేజీ యాజమాన్యమే ఆమెను గ్రామసేవకు పంపిందని, ఊరి జనం యాజమాన్యానికి కృతజ్ఞతలు చెబుతున్నారని ఉంది. కాలేజీ పేరుతో సహా.

"మేం ఎప్పుడు పంపామయ్యా సేవకి?" అంది మేడమ్.

"మీరు పంపలేదు మేడమ్. మా అత్త గుళ్ళో అట్లా చెప్పింది. పిల్ల తప్పేం లేదు."

"గుళ్ళో అబద్ధం చెప్పిందా?" అన్నాడు పక్కనున్న గుమాస్తా. నవ్వాడు.

"మందులిచ్చిందా? ఇంజెక్షన్లు చేసిందా?"

"లేదు మేడమ్. కట్లు కట్టింది. బీపీ చూసింది."

"అది నువ్వంటున్నావు. రేపు అక్కడ ఎవరికన్నా ఏమన్నా అయితే పోలీసులు నీ దగ్గరికి రారు, నా దగ్గరికి వస్తారు. మా పేరు వాడుకుంది కదా. సస్పెన్షన్లో ఉన్న పిల్ల!"

అత్తా, ఆమె అన్నది అబద్ధం కాదు. నేను రెండు నెలలు మనసులో నూరుకున్న మాటలు ఉన్నాయి, ఆ గేటు సంగతి, ఆ జ్వరం పిల్ల సంగతి, పల్లె శిక్ష ఎట్లా అయిందని లాటిన్ దగ్గర నుంచి మొదలుపెట్టి కడిగేద్దామనుకున్నది. ఒక్కటీ నోటికి రాలేదు. "తప్పయిపోయింది మేడమ్, సంతకం పెడతాను, ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతాను" అన్నాను. జెస్సికా రాసిన ముక్క తీసి ఆమె ముందు పెట్టాను. చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నాకు ఆశ పుట్టింది.

"మంచి పిల్లే. కానీ కమిటీ నిన్ననే కూర్చుంది, నా చేతుల్లో లేదు" అంది.

గుమాస్తా క్షమాపణ కాగితం తెచ్చాడు. ఫైలు పూర్తికావాలట. పెట్టాను. ఆ తర్వాత రెండో కాగితం ఇచ్చాడు. పేరు తొలగించినట్టు. సంతకమూ తీసుకున్నారు, పేరూ తీసేశారు. నర్సునని చెప్పుకుని ఇకమీదట ఎవరికైనా వైద్యం చేసినట్టు తెలిస్తే కేసు పెడతామని దానిలో ఉంది. ఈసారి మాట వెతుక్కోవాల్సిన పని రాలేదు. రిమూవ్డ్ అని ఉంది.

వేరే కాలేజీలో చేర్చుకుంటారా అని అడిగాను. "ఈ రిమార్కుతో కష్టం తమ్ముడూ" అన్నాడు గుమాస్తా. అప్పుడు నవ్వలేదు.

జులైలోనే సంతకం పెట్టి ఉంటే? అయినా ఈ పేపరే ఫిర్యాదై ఇదే కాగితం వచ్చేదేమో. రాకపోయేదేమో. ఇది జెస్సికా నన్ను అడుగుతుంది, అడక్కపోయినా అడిగినట్టే. నిన్ను తిడుతూ ఒక ఉత్తరం రాశాను, చింపేశాను. నువ్వు దాన్ని పరువుగా బతికించాలని చూశావు, నేను దాన్ని పౌరుషంగా బతికించాలని చూశాను. దానికి కావాల్సింది పరీక్ష ఒక్కటే. మనిద్దరం దాన్ని ముందే అడగలేదు.

కాగితం ఇందులో పెట్టాను. నువ్వే చూపించాలి. నాకు రావడానికి ముఖం లేదు.

సీమోను

---

మన పల్లె,
5 అక్టోబరు 2024.

సీమోనూ,

చూపించాను. చదివింది. మేకల్ని విప్పుకుని గుట్టకి పోయింది. సాయంత్రం వచ్చింది. బీపీ మిషను తుడిచి పెట్టెలో పెట్టింది. ఒక్క చుక్క కన్నీరు లేదు. నేను ఏడిస్తే నా ముఖం తుడిచింది. నాకు అదే భరించరానిదయింది.

పోయిన ఆదివారం గుళ్ళో లేచి నిలబడి మొత్తం చెప్పాను. పల్లె సేవ కాదు, వెళ్ళగొట్టినారు, నేను మీ అందరికీ అబద్ధం చెప్పినాను, ఇప్పుడు పూర్తిగా తీసేసినారు అని. నన్ను వెలేస్తారనుకున్నాను. వెలేసినా బాగుండు. అందరూ పాటల పుస్తకాలు తెరిచారురా. పాస్టరుగారు తల దించుకున్నాడు. దస్తగిరి ఇంటికొచ్చి నా చెవి దగ్గర వంగాడు. "నేను మంచికే రాసినానమ్మా, తప్పు పడిందని రేపు వేయిస్తా" అన్నాడు. వద్దని దండం పెట్టాను.

సిద్ధయ్యకి సంగతి చెప్పి, ఉదయగిరి ఆసుపత్రికి పొమ్మన్నాను. "వాళ్ళొద్దంటే మాకేంది? మేం రమ్మంటా ఉండాం గదా" అని చెవిలో అరిచాడు. కాలు అరుగు మీద చాపుకుని కూర్చున్నాడు. పిల్ల బయటికి రాలేదు. కూర్చుని కూర్చుని, తనే పాత గుడ్డ చుట్టుకుని పోయాడు.

జనం ఇంకా వస్తున్నారు. చుట్టుపక్కల ఊళ్ళకి పేపరు చేరింది కానీ నా సాక్ష్యం చేరలేదు. మొన్న పొద్దున నేను పొయ్యి దగ్గర ఉన్నాను. వెనక్కి తిరిగి చూస్తే జెస్సికా మూలన గోడకి ఆనుకుని, రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చుని ఉంది. ఏమైందే అంటే కళ్ళు తెరవదు. దాన్ని చూసి నాకు తెలిసింది, తలుపు కొడుతున్నారని. వెళ్ళి తీశాను. మాలకొండమ్మ, అవతలి ఊరామె, మనవడిని భుజాన వేసుకుని ఉంది. పిల్లాడి తల వేలాడుతోంది. ఆమె నోరు కదులుతోంది, ఒక్క ముక్క నాకు వినపడదు. నేను చేతులతో ఉదయగిరి వైపు చూపించాను, పో పో అని. నా వెనక చీకట్లో ఎవరో ఉన్నారని ఆమెకి తెలుసు. నన్ను దాటి లోపలికి చూసింది. తర్వాత రోడ్డువైపు నడిచింది. ఆ సమయానికి బస్సు లేదు. పిల్లాడు ఏమయ్యాడో ఇంకా కబురు లేదు.

నేను తలుపు మూసి వచ్చినా జెస్సికా చేతులు తీయలేదు. ఆ చేతులు తీయడం నావల్ల కాలేదు.

ఒక మాట అడుగుతాను, కోపపడకు. తియ్యమని చెప్పనా తలుపు? తీస్తే కేసంటారు. మూస్తే ఇది బతకదు. నాకు తోచడం లేదు. నీకు తోచితే రాయి.

లిదియమ్మ

---

ఆత్మకూరు,
10 అక్టోబరు 2024.

అత్తా,

తలుపు తీయొద్దు.

నాకు కూడా తోచలేదు. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచీ ఆలోచించాను. కేసు పెడతామన్నవాళ్ళు పెడతారు, పేరు కొట్టేస్తామని కొట్టేశారు కదా. అప్పుడు వేరే ఊళ్ళో ఏదన్నా కోర్సు చేద్దామన్నా ఆ దారీ ఉండదు. ఇప్పుడు ఉందని కాదు. ఉన్నట్టు అనుకోవడానికైనా ఏదో ఒకటి ఉండాలి.

నారాయణయ్య దగ్గర పని మానేశాను. "ఎందుకురా, కలిగిరి శిలాఫలకం సగంలో ఉండాది గదా" అన్నాడు. ఊరికి పోవాలన్నాను. "ఎన్నాళ్ళు?" అన్నాడు. ఉలీ సుత్తీ సంచిలో వేసుకున్నాను.

మాలకొండమ్మ ఊరు ఏదో కనుక్కుని పెట్టు. పిల్లాడి సంగతి నేను వెళ్ళి తెలుసుకుంటాను. బతికి ఉన్నా లేకపోయినా జెస్సికాకి నేనే చెబుతాను, ఊళ్ళోవాళ్ళ నోటి నుంచి విననివ్వొద్దు.

ఈ కాగితం కొండలయ్య లారీలో పంపుతున్నాను, శనివారం నేను వస్తున్నాను. వచ్చేవాళ్ళని వెనక్కి పంపే పని ఇక నాది. నువ్వు చేతులు ఊపొద్దు, అది చెవులు మూసుకోవద్దు. తిడితే నన్ను తిడతారు, శాపనార్థాలు పెడితే నాకు పెడతారు. పిల్లల్ని ఎత్తుకుని వచ్చిన వాళ్ళ ముఖం చూసి, లేదమ్మా, ఇక్కడ నర్సు లేదు, ఎవరూ లేరు అని చెప్పడం నేర్చుకుంటాను.

నా మంచం లోపల వెయ్యొద్దు. వాకిట్లో, తలుపుకి అడ్డంగా వెయ్యి.

సీమోను